ఫోటోలో కొండ ఉంది, మన ఊరేది?

(పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు క్రైస్తవ యువతీయువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు ఇచ్చిన అంశం, ప్రకృతి దృశ్యాల ఫోటోలు, మనకూ నేలకూ ఉన్న బంధం. ఇది విని ఒక పెద్దాయన నవ్వుతూ అడిగారు: "అయ్యగారూ, వాక్యం చెప్పడం మానేసి ఫోటోలు తీయడం నేర్పిస్తారా?" ఆయన సరదాకి అన్నా ప్రశ్న మంచిదే. ఈ హాలులో కూర్చున్న ప్రతి యువకుడి జేబులో, ప్రతి చెల్లెమ్మ చేతిసంచిలో ఒక కెమెరా ఉంది. సూర్యోదయం తీస్తాం, చెరువు తీస్తాం, కొండ తీస్తాం, కింద ఒక వాక్యం రాసి స్టేటస్ పెడతాం. ఇంతమంది రోజూ చేసే పని గురించి సంఘం ఒక్కసారి కూడా ఆలోచించకపోతే ఎట్లా? చూడడం కూడా ఒక క్రియే. దానికీ న్యాయం, అన్యాయం ఉంటాయి.

ఒకే తోట, రెండు చూపులు

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం మనందరికీ తెలిసిందే. యెజ్రెయేలులో రాజనగరు పక్కన నాబోతుకు ఒక ద్రాక్షతోట ఉంది. అహాబు రాజు దాన్ని చూశాడు. అతనికి అందులో కనిపించిందేమిటి? నగరుకు దగ్గరగా ఉంది, కూరతోటకు బాగుంటుంది. అంతే. దానికి బదులు ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, కావాలంటే వెల కట్టి డబ్బు ఇస్తానన్నాడు. బయటి లెక్కలో అది సరసమైన బేరమే.

నాబోతు మాత్రం ఒప్పుకోలేదు. అదే తోటలో అతనికి తన తాతముత్తాతలు కనిపించారు. అది అమ్ముకునే సరుకు కాదు, తన చేతికి అప్పగించబడిన స్వాస్థ్యం. రాజు కిటికీలోనుంచి చూశాడు, నాబోతు తీగల మధ్య నిలబడి చూశాడు. తోట ఒకటే, చూపులు రెండు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. అబద్ధ సాక్షులు వచ్చారు, నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. రాజు తోటను స్వాధీనం చేసుకోవడానికి దిగి వెళ్తే, దేవుడు ఏలీయాను ఆ తోటలోకే పంపించాడు. రాజనగరులోకి పంపలేదు. నేరం ఎక్కడ జరిగిందో ఆ నేల మీదే తీర్పు మాట పలకాలి. దేవునికి స్థలాలు గుర్తుంటాయి, బిడ్డలారా.

ఏ నేల ఫోటో చూసినా మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇక్కడ దొరుకుతుంది. ఇది అహాబు చూపా, నాబోతు చూపా?

మంజనార్: కొండ తీసినవాడు, కంచె లోపలివాడు

ఈ ప్రశ్న ఫోటోగ్రఫీ చరిత్రలోనే ఉందని చెప్పడానికి ఒక సంగతి చూద్దాం. ప్రకృతి దృశ్యాల ఫోటోలు అనగానే ప్రపంచమంతా చెప్పుకునే పేరు అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్. నలుపు తెలుపుల్లో ఆయన తీసిన కొండలు, లోయలు మీరు క్యాలెండర్లలో చూసే ఉంటారు. ఆయన ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటి 1944 నాటిది. ముందు భాగమంతా పెద్దపెద్ద బండరాళ్లు, వెనక విలియమ్సన్ పర్వతం, మేఘాలను చీల్చుకుని వస్తున్న వెలుగు. చూస్తే సృష్టి మొదటి రోజులా ఉంటుంది.

ఆ ఫోటో తీసిన చోటు పేరు మంజనార్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నుంచి, అమెరికా ప్రభుత్వం తన దేశంలోనే ఉన్న లక్షమందికి పైగా జపాన్ సంతతివారిని ఇళ్లనుంచి లేపి నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. అటువంటి శిబిరాల్లో మంజనార్ ఒకటి, సుమారు పదివేలమంది అక్కడ ముళ్లకంచె మధ్య బతికారు. ఆ కొండ ఫోటోలో కంచె లేదు, కాపలా బురుజు లేదు, మనుషులు లేరు.

ఆడమ్స్ గారి విషయంలో న్యాయంగా మాట్లాడాలి. ఆయన అక్కడి మనుషుల ఫోటోలు కూడా ఎన్నో తీశారు, వాళ్లకు జరిగింది అన్యాయమని చెప్పే పుస్తకం యుద్ధం ముగియకముందే 1944లో అచ్చువేశారు. ఆ ధైర్యాన్ని తక్కువ చేయకూడదు. అయినా ఆయన పని ముగించుకుని ఇంటికి వెళ్లగలిగిన మనిషి.

అదే శిబిరంలో తోయో మియాతాకె అనే ఫోటోగ్రాఫర్ ఖైదీగా ఉన్నారు. శిబిరంలో ఉన్నవాళ్ల దగ్గర కెమెరా ఉండకూడదని ఆంక్ష. ఆయన ఒక లెన్సును దాచి లోపలికి తెచ్చుకున్నారు. చెక్కతో పెట్టె చేయించి, దానికి ఆ లెన్సు బిగించి కెమెరా చేసుకున్నారు. మొదట రహస్యంగా, తర్వాత అధికారుల అనుమతితో అక్కడి బతుకును తీశారు. ముళ్లకంచె దగ్గర నిలబడి ఉన్న ముగ్గురు పిల్లలను తీసింది ఆయనే. ఆ ఫోటోలో కూడా కొండలున్నాయి. కానీ అవి కంచె వెనక ఉన్నాయి.

కొండ అందంగా లేదని మియాతాకె అనలేదు. ఆ అందాన్ని తాము ఎక్కడ నిలబడి చూస్తున్నారో అది కూడా చూపించారు. చెక్కపెట్టె కెమెరాతో ఆయన చేసిన పనిని జేబులో ఖరీదైన ఫోను పెట్టుకున్న మనం ఎందుకు చేయలేకపోతున్నాం?

మన మధ్య ఉన్న కొండ: కోలార్

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మీలో చాలామంది కోలార్ బంగారు గనుల ప్రాంతం నుంచి వచ్చారు. కేజీఎఫ్ అంటే దేశమంతటికీ 2018లో వచ్చిన సినిమా. మనకు మాత్రం అది మేనమామ ఊరు, అమ్మమ్మ ఊరు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం. సరిహద్దు దాటితే చిత్తూరు జిల్లా. బిసానత్తం, చిగురుకుంట గనులు ఆంధ్ర వైపే ఉన్నాయి. అక్కడి వీధుల్లో తమిళం, తెలుగు, కన్నడం ఒకే నోట పలుకుతాయి.

ఆ ఊరికి వచ్చే ఫోటోగ్రాఫర్లందరూ వెతుక్కుంటూ వెళ్లేది ఒకే దృశ్యం కోసం. సైనైడ్ దిబ్బలు. బూడిద రంగు, లేత పసుపు కలిసిన కొండలు, వాటి ఒంటి నిండా వాన కోసిన లోతైన చారలు. సాయంకాలం ఎండ వాలితే ఆ చారల్లో నీడలు పడి వేరే లోకంలా కనిపిస్తాయి. సినిమాలవాళ్లు వస్తారు, పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు వస్తాయి. అందమైన దృశ్యమే, కాదనం.

అయితే ఆ కొండలు ఎక్కడివి? దేవుడు చేసిన కొండలు కావవి. మన తాతలు మోసిన కొండలు.

లెక్క చూడండి. జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1880లో అక్కడ అడుగుపెట్టింది. అప్పటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేవరకు, 120 ఏళ్లలో, 800 టన్నులకు పైగా బంగారం ఆ నేలలోనుంచి వెళ్లింది. చివరి రోజుల్లో ఒక టన్ను రాయిని పైకి తెచ్చి పొడి చేస్తే దొరికే బంగారం నాలుగైదు గ్రాములకు మించేది కాదు. మరి మిగతా టన్ను ఏమైంది? రాయిని పిండిలా దంచి, సైనైడ్ కలిపిన నీళ్లలో బంగారాన్ని కరిగించి తీసుకుని, మిగిలిన బురదను బయట పోశారు. ఎండి దిబ్బ అయింది. దిబ్బ మీద దిబ్బ పడి కొండ అయింది. అలా మిగిలింది మూడు కోట్ల టన్నులకు పైమాటే. బంగారం వెళ్లిపోయింది, కొండ మనకు మిగిలింది.

ఆ రాయి ఎక్కడినుంచి వచ్చింది? ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. ఆ అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. ఉన్నట్టుండి లోపలి బండ ఒత్తిడికి పగిలి మీద పడేది, దాన్ని రాక్ బర్స్ట్ అంటారు. ఎన్నో ఇళ్లలో గోడకు వేలాడే దండ వేసిన ఫోటో వెనక ఉన్న కథ అదే. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్ జబ్బు ఈ గనుల్లో ఉందని 1940లలోనే వైద్యులు నమోదు చేశారు.

ఆ లోతుకు దిగింది ఎవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాడు, చిత్తూరు, సేలం, కోలారు పల్లెలనుంచి వచ్చిన దళితులు. ఊళ్లో భూమి లేదు, బావి దగ్గరికి రానివ్వరు, కరువొస్తే మొదట ఆకలికి మాడేది వాళ్లే. గనిలో చావు ఉందని తెలిసి కూడా ఎందుకు వచ్చారు? కూలి చేతికి వస్తుందని, దొర ముందు తప్ప ఊరి పెద్ద ముందు చేతులు కట్టుకోనక్కర్లేదని. ఆ లైన్లలోనే మన సంఘాలు పుట్టాయి. తడికల ఇళ్ల మధ్య మొదట ప్రార్థన కూటం, తర్వాత బడి, తర్వాత గంట. ఆ మనుషుల్లోనే సంఘటిత పోరాటం కూడా పుట్టింది. 1930లో కంపెనీ ప్రతి కార్మికుడి వేలిముద్రలు తీసుకోవాలని చూస్తే, మేము నేరస్తులం కాదని వేలమంది పని ఆపేశారు. 1954లో డాక్టర్ అంబేడ్కర్ ఆ ఊరికి వచ్చారు.

శివనసముద్రంనుంచి 1902లో తీగలు లాగి అక్కడికి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి ముందే! ఆ వెలుగు గని యంత్రాల కోసం, బంగళాల కోసం. లైన్లలో ఉన్నవాళ్ల కోసం ఆ తీగలు లాగలేదు. 1965లో భూమి లోపల అంత లోతున శాస్త్రవేత్తలు న్యూట్రినో కణాల జాడ పట్టుకున్నారు. పుస్తకాల్లో అది ఉంది. ఆ లోతును తవ్విన చేతుల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

ఇవన్నీ ఆ దిబ్బలో ఉన్నాయి. ప్రతి గుప్పెడు పొడీ ఒకనాడు ఒక మనిషి తలదీపం వెలుగులో పగలగొట్టిన రాయి. డ్రోన్ పైనుంచి చూస్తే ఇది కనబడదు.

అందం, దుమ్ము, రెండూ నిజమే

ఛాంపియన్ రీఫ్ వైపు ఒక విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆ తల్లి చెప్పిన మాట మాకు గుర్తుంది. గాలికాలంలో అన్నం గిన్నె మీద మూత తీయాలంటే తలుపు వేసుకోవాలి అన్నారావిడ. బయట ఆరేసిన తెల్లబట్ట సాయంకాలానికి తెల్లగా ఉండదు, పిల్లలకు దగ్గు తగ్గదు. "అయితే ఇల్లు మారొచ్చు కదమ్మా" అని మాతో వచ్చిన ఒక అబ్బాయి అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. "మా ఆయన ఇక్కడే ఉన్నాడు నాయనా, నేనెక్కడికి పోతాను?" అన్నారు. ఆయన సమాధి అక్కడికి పది నిమిషాల నడక.

నేలతో బంధం అంటే ఇదే. మన పుట్టిన చోటు అందంగా ఉంటేనే ప్రేమిస్తామా? మనల్ని గాయపరిచిన చోటును కూడా ప్రేమిస్తాం. ఆ ప్రేమను చూపి, అక్కడివాళ్లకు అలవాటేలే అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. దిబ్బ మా ఊరి గుర్తు, దిబ్బ మా పిల్లల దగ్గు. ఫోటోలో ఈ రెండూ ఉండాలి. అందం మాత్రమే చూపిస్తే అది అబద్ధం. దరిద్రం మాత్రమే చూపిస్తే అది అవమానం. ఆ ఇంట్లో క్రిస్మస్ నక్షత్రం ఉంది, వాకిట్లో రోజాపూల కుండీ ఉంది, ఉదయం చీకటితో రైలెక్కి బెంగళూరు వెళ్లి ఉద్యోగం చేసి రాత్రికి తిరిగొచ్చే మనవరాలు ఉంది. వాటిని ఎవరు తీస్తారు?

ఆ నేల మళ్లీ మారబోతోంది. దిబ్బల్లో ఇంకా కొంత బంగారం మిగిలి ఉంది. 13 దిబ్బలున్న సుమారు వెయ్యి ఎకరాల్లో మళ్లీ తవ్వకాలు జరపాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతి తెలిపింది. పని దొరుకుతుందని ఆశపడేవాళ్లు ఉన్నారు, ఆ ఆశను మేము ఎగతాళి చేయం. కానీ అడగాల్సినవి అడగాలి. తవ్వేటప్పుడు లేచే దుమ్ముకు ఎవరు బాధ్యులు? పాత క్వార్టర్స్‌లో తరాలుగా ఉంటున్నవాళ్ల సంగతేమిటి? పనిలో మొదటి హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలు అడిగేవాడికి చేతిలో ఆధారం ఉండాలి. ఈ రోజు ఆ నేల ఎలా ఉందో, ఇల్లు ఎక్కడ ఉందో, దిబ్బకు ఎంత దూరంలో ఉందో, బావినీళ్లు ఏ రంగులో ఉన్నాయో తారీకుతో సహా చూపే ఫోటో ఒక ఆధారం.

చూచిన దేవుడు, పేరు పెట్టిన దాసి

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగరు ఉంది. పరాయి దేశపు దాసి. ఇంట్లో శ్రమ భరించలేక అరణ్యంలోకి పారిపోయింది. షూరు మార్గంలో ఒక నీటి బుగ్గ దగ్గర దేవుని దూత ఆమెను పలకరించాడు, పేరు పెట్టి పిలిచాడు. శారయి, అబ్రాముల నోట ఆమె ఉత్త దాసియే. వాళ్లు ఆమెను పేరుతో పిలిచినట్టు ఆ అధ్యాయంలో కనబడదు. అరణ్యంలోనే ఆమె పేరు వినబడింది. అప్పుడు ఆమె, నన్ను చూచుచున్న దేవుడవు నీవు అన్న అర్థం వచ్చేలా దేవునికే పేరు పెట్టింది. ఆ బావికి బెయేర్ లహాయిరోయి అన్న పేరు నిలిచింది. ఒక దాసి అనుభవం ఆ దేశపటంలో స్థలం పేరైంది!

అరణ్యాన్ని ఫోటో తీస్తే ఎవరికైనా ఇసుక, ఒక బుగ్గ కనిపిస్తాయి. హాగరుకు అది దేవుడు తనను చూసిన చోటు. మీకు అలాంటి చోటు ఏది? షోలాపూరులో మగ్గాల చప్పుడు వినబడే సందా? తెలుగు కామాఠీ కూలీల పేరు మీద పేరొచ్చిన ముంబయి కామాఠిపురమా? యానాంలో గౌతమీ గోదావరి ఒడ్డా? బరంపురంలో అద్దె ఇంటి డాబానా? చెన్నైలో, బెంగళూరులో తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధి ఊడ్చే అమ్మానాన్నలున్న బిడ్డలు ఇక్కడ ఉన్నారు. వాళ్లు శుభ్రం చేసిన వీధిని సూర్యోదయంలో వేరెవరో ఫోటో తీసి "ప్రశాంత నగరం" అని రాస్తారు. ఆ ప్రశాంతత వెనక ఎవరి చేతులున్నాయో మీకు తెలుసు కదా. మరి మీరెందుకు తీయరు?

మన తెలుగు పల్లెల ఫోటోల్లో కూడా ఇదే లోపం. గుడిగోపురం, చెరువు, కొబ్బరిచెట్లు, వరిచేను. ఊరి చివర పల్లె ఆ చట్రంలోకి రాదు. మన మహాకవి గుఱ్ఱం జాషువా గబ్బిలాన్ని దూతగా పంపడానికి కారణం అదే కదా. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలానికి అడ్డులేదు. ఆ గబ్బిలం దారిపొడవునా దేశాన్ని చూస్తూ పోతుంది. వెలివేసిన మనిషి కూడా దేశాన్ని ప్రేమిస్తాడని, ఆ దేశం తనదని, జాషువా 1941లోనే చెప్పారు.

యిర్మీయా కుండ

ఇప్పుడు చేయవలసిన పని గురించి మాట్లాడుకుందాం. యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం తీయండి. యెరూషలేము ముట్టడిలో ఉంది. ప్రవక్త చెరసాల ప్రాంగణంలో బందీగా ఉన్నాడు. రేపో మాపో పట్టణం బబులోను చేతికి పోతుంది. అటువంటి సమయంలో ఆయన అనాతోతులో ఉన్న పొలాన్ని 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సాక్షులచేత సంతకం చేయించాడు. ఆ పత్రాలు చాలా రోజులు నిలిచేలా మట్టికుండలో పెట్టమని బారూకుతో చెప్పాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లు, పొలాలు, తోటలు కొంటారన్న దేవుని మాటే దానికి ఆధారం.

మీ ఫోను ఆ కుండ కావాలి. స్థలం, తారీకు, సాక్షి, భద్రపరచడం, ఆశ. యిర్మీయా చేసిన ఆ ఐదు పనులూ ఒక మంచి ఫోటోకు కావాలి. కొన్ని సూటిగా చెప్తాం, రాసుకోండి.

మొదటిది, తీయకముందు అడగండి. ఈ చోటును ఇక్కడివాళ్లు ఏమని పిలుస్తారు? మ్యాపులో ఉన్న పేరు వేరు, నోటిలో ఉన్న పేరు వేరు. ఇక్కడ ఎవరి కష్టం ఉంది? ఇక్కడికి రాకూడదని ఎవరిని అన్నారు? ఇంతకుముందు ఇక్కడ ఏముండేది? ఈ నాలుగు ప్రశ్నలకు మీ ఇంట్లో పెద్దవాళ్లే జవాబు చెప్తారు. వాళ్లను చేయిపట్టి ఆ చోటుకు తీసుకెళ్లండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి.

రెండోది, ఒక్కసారి తీసి వదిలేయకండి. ఒకే చోట నిలబడి ఎండాకాలం, వానాకాలం, గాలికాలం, చలికాలం తీయండి. ఏడాది తర్వాత నాలుగు ఫోటోలు పక్కపక్కన పెడితే నేల తన సంగతి తానే చెప్తుంది. చెరువు ఎంత కుంచించుకుపోయిందో, దిబ్బ ఎంత జారిందో ఎవరూ కాదనలేరు.

మూడోది, మనుషులను తీసేముందు అనుమతి అడగండి. ముఖ్యంగా పనిలో ఉన్నవాళ్లను, జబ్బుతో ఉన్నవాళ్లను, పిల్లలను. ఫోటో వాళ్లకు చూపించండి, ఒక కాపీ ఇవ్వండి. వద్దంటే ఆ క్షణమే తీసేయండి. పేదవాడి ముఖం మన స్టేటస్‌కు అలంకారం కాదు, దేవుని స్వరూపం.

నాలుగోది, ఇంట్లో ఉన్న పాత ఫోటోలను వెలికితీయండి. ట్రంకుపెట్టెలో, బైబిలు పేజీల మధ్య, గోడమీద ఉన్నవి. గని ముందు నిలబడి తీయించుకున్నది, గుడి పునాది వేసినప్పటిది, తిరునాళ్లది. ఫోనుతో జాగ్రత్తగా మళ్లీ తీసి, అందులో ఉన్నవాళ్ల పేర్లు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి. పేర్లు చెప్పగలిగిన చివరి మనిషి ప్రభువునందు నిద్రించాక ఆ ఫోటోలో ఉన్నది ఎవరో తెలియని ముఖాలే. ఈ పని రేపటికి వాయిదా వేయవద్దు.

ఐదోది, మన సమాధుల తోటలను తీయండి. ఇది చిన్న విషయం కాదు. చచ్చినవాళ్లను పెట్టుకోవడానికి చోటులేక మన దళిత క్రైస్తవులు పడుతున్న బాధ ప్రతి కాపరికీ తెలుసు. ఎప్పటినుంచో వాడుకుంటున్న చోటు చుట్టూ ఒక రోజు రాత్రికి రాత్రి కంప పడుతుంది. "ఇక్కడ సమాధులు ఎప్పుడున్నాయి?" అని అడుగుతారు. అప్పుడు సర్వే నంబరుతో పాటు తారీకు ఉన్న ఫోటోలు చేతిలో ఉంటే అధికారి ముందు మన మాటకు బలం ఉంటుంది. సంఘ రిజిస్టరుతో పాటు ఒక ఫోటో రిజిస్టరు కూడా ఉండాలని కమిటీ పెద్దలను అడుగుతున్నాం. అసలు ఫైలు చెరపకుండా రెండు చోట్ల దాచండి. రంగులు మార్చిన కాపీ అందం కోసం, మార్చని కాపీ సాక్ష్యం కోసం.

ఆఖరిది, ప్రాణం జాగ్రత్త. మూసేసిన గని గోతుల దగ్గరికి, పాడుబడ్డ కట్టడాల్లోకి, జారే దిబ్బల అంచులకు ఫోటో కోసం వెళ్లకండి. గాలి వీస్తున్నప్పుడు ముక్కు, నోరు కప్పుకోండి. మన తాతలు పొట్టకూటి కోసం పీల్చిన దుమ్మును మీరు ఒక ఫోటో కోసం పీల్చవద్దు.

ముగింపు

కొందరు యువకులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. "అయ్యగారూ, మాది ఏ ఊరని చెప్పాలి? ఆంధ్రలో మమ్మల్ని కర్ణాటకవాళ్లు అంటారు, కర్ణాటకలో తెలుగువాళ్లు అంటారు." తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న బిడ్డలదీ ఇదే ప్రశ్న. ఎక్కడా పూర్తిగా మనది కాదన్న భావన లోపల గుచ్చుతుంది.

లేవీయకాండము 25వ అధ్యాయం నేల దేవునిదని, మనమందరం ఆయన దగ్గర అతిథులమని చెప్తుంది. ఈ మాటను సొంతదారుడికి చెప్తే హెచ్చరిక, వలస వచ్చినవాడికి చెప్తే ఆదరణ. పట్టా ఉన్నవాడూ అతిథే, లేనివాడూ అతిథే. కాబట్టి ఎవడూ ఎవడినీ ఇది నీ చోటు కాదు అనడానికి లేదు. ఎక్కడ మీ పెద్దల చెమట రాలిందో, ఎక్కడ వాళ్లను మట్టిలో పెట్టారో, ఎక్కడ దేవుడు మిమ్మల్ని చూశాడో, ఆ ఊరు మీదే. ధైర్యంగా చెప్పండి. చెప్పడమే కాదు, చూపించండి.

వచ్చే కూడికకు ప్రతి ఒక్కరూ ఒక్క ఫోటో తీసుకురండి. మీ చోటుది. వెనకవైపు ఐదు వరుసలు రాయండి. ఆ చోటు పేరు, తారీకు, అక్కడ కష్టపడిన ఒక మనిషి పేరు, అక్కడ జరిగిన ఒక మేలు, అక్కడ సరిచేయవలసిన ఒక అన్యాయం. వాటిని గోడకు అతికించి, వాటి ముందు నిలబడి మనం ప్రార్థన చేద్దాం. ఆ తర్వాత ఐదో వరుసలో ఉన్నవాటిని జాబితా చేసి, ఏ ఆఫీసుకు వెళ్లాలో, ఎవరు వెళ్లాలో అక్కడే కూర్చుని నిర్ణయిద్దాం.

హాగరును చూచిన దేవుడు మన ఊళ్లనూ చూచుచున్నాడు. ఆయన చూపుతో చూసే కన్నులు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.